కిచెన్ క్యాబినెట్లకు స్క్రూ ఎలా ఎంచుకోవాలి? ఎలా బిగించాలి?

వైజాగ్‌లో కిచెన్ పని మొదలైతే ప్లైవుడ్ దగ్గర అందరూ గట్టిగానే ఉంటారు. నీటికి తట్టుకునే 710 మెరైన్ ప్లైయే కావాలంటారు, ముద్ర చూస్తారు, అంచు గీకి పొరలు లెక్కపెడతారు. స్క్రూల దగ్గరికొచ్చేసరికి "ఏవో ఒకటి తెచ్చెయ్యండి" అంటారు. కార్పెంటర్ నల్ల స్క్రూల డబ్బా తెస్తాడు. అదొక్కటే తెస్తాడు, అన్నిటికీ అదే కొడతాడు.

ముందు ఆ నల్ల స్క్రూ సంగతి

అది ఫాల్స్ సీలింగ్‌లో జిప్సం బోర్డును పట్టి ఉంచడానికి చేసినది. ఉక్కును బాగా గట్టిపరుస్తారు కాబట్టి మొన చకచకా దిగుతుంది, అందుకే పనివాళ్ళకి ఇష్టం. కానీ పక్క నుంచి బరువు పడితే అది వంగదు, టక్కున తెగుతుంది.

క్యాబినెట్ మీద బరువు ఎటు పడుతుందో చూడండి. 60 సెం.మీ. వెడల్పు, 70 ఎత్తు, 30 లోతు ఉన్న పై క్యాబినెట్‌ను 18 మి.మీ. ప్లైతో చేస్తే ఖాళీగానే సుమారు 18 నుంచి 20 కిలోలు తూగుతుంది. ఆవకాయ జాడీ, ఇడ్లీ పాత్ర, పప్పుల డబ్బాలు పెడితే 60 కిలోలు అవడం ఎంతసేపు? ఆ 60 కిలోలూ స్క్రూని కిందికి కోస్తున్నట్టు నొక్కుతాయి. గోడ నుంచి బయటికి లాగే బలం మాత్రం 13 కిలోలకు మించదు. ఎందుకంటే బరువు గోడకి 15 సెం.మీ. దూరంలో ఉంటుంది, క్యాబినెట్ కింది అంచు 70 సెం.మీ. దిగువన గోడకి ఆనుకుని ఉంటుంది. అంటే ఇక్కడ స్క్రూకి కావలసింది ఊడకపోవడం కంటే తెగకపోవడం. నల్ల స్క్రూకి లేనిది అదే. పైగా దాని నల్ల పూత మన ఉప్పుగాలికి అడ్డం కాదు. దాన్ని కిచెన్‌లోకి రానివ్వకండి.

బోర్డును బట్టి స్క్రూ

ప్లైవుడ్ అయితే 4 మి.మీ. చిప్‌బోర్డు స్క్రూ చాలు. మర లోతుగా, దూరదూరంగా ఉంటుంది, తల కింద నుంచి మొన దాకా ఉంటుంది.

పార్టికల్ బోర్డులో పై పొరలు మెత్తటి పొట్టుతో బిగువుగా ఉంటాయి, నడిమి పొర ముతక ముక్కలతో గుల్లగా ఉంటుంది. మరి అంచులో స్క్రూ దించితే వెళ్ళేది ఆ గుల్లలోకే. అక్కడ 4 మి.మీ. స్క్రూని నమ్మొద్దు. 7×50 కన్‌ఫర్మాట్ స్క్రూ (పార్టికల్ బోర్డు అంచుల కోసమే చేసిన లావు స్క్రూ), దానికి సరిపడే మెట్ల డ్రిల్ బిట్ తీసుకోండి. అంచులో 5, పై బోర్డులో 7 మి.మీ. బెజ్జం ఒకేసారి పడుతుంది. సింకు కింద మాత్రం ఏ స్క్రూతోనూ పార్టికల్ బోర్డు వద్దు. నీరు తగిలి ఉబ్బితే బెజ్జమే వదులైపోతుంది.

ఎండీఎఫ్ (చెక్క నారను నొక్కి చేసిన బోర్డు) ముఖం మీద స్క్రూ బాగానే పడుతుంది, అంచులో అయితే పుస్తకం పేజీల్లా విచ్చుకుంటుంది. బ్లాక్‌బోర్డు, అంటే లోపల చెక్కపట్టీలు పేర్చి పైన పల్చటి పొర అతికించిన బోర్డు వాడేవాళ్ళు ఆ పట్టీలు ఎటు నడుస్తున్నాయో చూసుకోండి. పట్టీల కొసలు కనిపించే అంచులో స్క్రూ పట్టు తక్కువ.

పొడవు

ఇక్కడ ఒక తికమక ఉంది. చిప్‌బోర్డు స్క్రూ డబ్బా మీద 4×50 అంటే 4 మి.మీ. లావు, 50 పొడవు. మామూలు స్టీలు స్క్రూ డబ్బా మీద 50×8 అంటే 50 మి.మీ. పొడవు, 8వ నంబరు లావు, అంటే దాదాపు 4.2 మి.మీ. రెండూ కలిపి చదివితే ఇంటికి వేరేది వస్తుంది.

18 మి.మీ. బోర్డును మరో బోర్డు అంచుకి బిగించాలంటే 4×50. పక్కపక్క క్యాబినెట్లు రెండింటినీ కలపాలంటే 4×30, అంతకు మించి వద్దు. రెండు బోర్డులు కలిపితే 36 కదా, 35 సరిపోతుందని కొందరి లెక్క. తల లోపలికి దిగగానే మొన అవతలి సన్మైకాను తాకి చిన్న మొటిమ లేపుతుంది. ఆ మొటిమను తర్వాత ఎవరూ సరిచేయలేరు. హింజ్‌లకి 3.5×16. ఫ్యాక్టరీలోనే 5 మి.మీ. బెజ్జాలు వేసి వచ్చిన బోర్డయితే హింజ్ ప్లేటుకి 6.3×13 యూరో స్క్రూ. డ్రాయరు ఛానళ్ళకీ 3.5×16 చాలు, కానీ తల పల్చగా ఉన్నది చూసుకోండి. తల పొడుచుకొస్తే ఛానల్ అక్కడే తడుతుంది.

సముద్రం దగ్గరి ఇళ్ళకి

బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెద్దవాల్తేరు, రుషికొండ వైపు ఇళ్ళకి జింకు పూత స్క్రూలు వద్దు, స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 304 రకం తీసుకోండి. గాలి నేరుగా తగిలే వాష్ ఏరియా అరలకైతే తుప్పుకి ఇంకా తట్టుకునే 316 రకం. కొనేటప్పుడు అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి. 304 స్క్రూ కొద్దిగా లాగినా ఫర్వాలేదు, తల సాగగొట్టేటప్పుడు ఆ గుణం కాస్త వస్తుంది. టప్పున అతుక్కుంటే మాత్రం అది 304 అని నమ్మొద్దు.

స్టెయిన్‌లెస్ మెత్తన. బిర్రుగా ఉన్న బెజ్జంలోకి తోస్తే మెడ దగ్గర తెగుతుంది, తల గాడి అరిగిపోతుంది. అదే కొలత మామూలు ఉక్కు స్క్రూని ముందు దించి, మర పడ్డాక తీసేసి, ఆ దారిలో స్టెయిన్‌లెస్‌ను ఎక్కించండి. మొనకి కొవ్వొత్తి రుద్దండి. సబ్బు రుద్దేవాళ్ళున్నారు, అది తేమను పట్టి ఉంచుతుంది.

సామాన్లు

క్లచ్ (పెట్టిన బిగువు రాగానే తిప్పడం ఆపేది) ఉన్న బ్యాటరీ డ్రిల్, 2.5, 3, 4.5 మి.మీ. బిట్లు, తల దిగడానికి కౌంటర్‌సింక్ బిట్, రెండు క్లాంపులు, చేతి స్క్రూడ్రైవరు. దెబ్బలు కొడుతూ తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ అటక మీద పెట్టేయండి. స్క్రూ తల గాడిలో పెద్ద ప్లస్ మధ్య సన్నటి అడ్డగీతలు ఉంటే పీజెడ్ 2 బిట్, లేకపోతే పీహెచ్ 2.

అసలు పని: అంచులో బెజ్జం

చెడేది నూటికి తొంభై ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

బెజ్జం వేయకుండా నేరుగా స్క్రూ దించడం మన దగ్గర పెద్ద జబ్బు. "చిప్‌బోర్డు స్క్రూకి బెజ్జం అక్కర్లేదు" అంటారు. ముఖం మీద పర్లేదేమో, అంచులో ఆ మాట చెల్లదు. బోర్డు పొరల మధ్య స్క్రూ ఒక మేకులా చొరబడి పొరల్ని విడదీస్తుంది. ఆ చీలిక లోపలే ఉంటుంది. పైన సన్మైకా కప్పేస్తుంది కాబట్టి బరువు పెట్టే దాకా తెలియదు.

రెండు బోర్డుల్నీ క్లాంపు వేసి కలపండి. పై బోర్డులో 4.5 మి.మీ. బెజ్జం అవతలికి వచ్చేలా వేయండి. స్క్రూ ఇందులో పట్టకూడదు, జారిపోవాలి. పై బోర్డులోనూ మర పడితే రెండూ దగ్గరకి రావు, మధ్యలో విజిటింగ్ కార్డు దూరేంత సందు మిగిలిపోతుంది. ఎంత బిగించినా ఆ సందు పోదు. దాన్ని ఫెవికాల్, రంపపు పొట్టు కలిపి పూడ్చేయడం పని కాదు, దాచిపెట్టడం.

తర్వాత అంచులోకి సన్న బెజ్జం. 4 మి.మీ. స్క్రూకి ప్లైవుడ్‌లో 2.5, ఎండీఎఫ్ అంచులో 3. 8వ నంబరు స్టెయిన్‌లెస్‌కి ఎక్కడైనా 3. లోతు స్క్రూ పొడవు కంటే రెండు మి.మీ. ఎక్కువ. బిట్‌కి ఆ లోతులో టేపు చుట్టుకోండి. డ్రిల్ నిటారుగా ఉండాలి. 10 డిగ్రీలు వాలితే, 32 మి.మీ. లోపలికి వెళ్ళేసరికి మొన దాదాపు 6 మి.మీ. పక్కకి జరుగుతుంది. అంచు నడిమి నుంచి ముఖానికి ఉన్నదే 9. కళ్ళతో ఒక పక్కే సరిచూసుకుంటాం, రెండో పక్క వాలు కనబడదు. చిన్న మూలమట్టం పక్కన నిలబెట్టుకోండి, సిగ్గేమీ లేదు.

30 సెం.మీ. లోతున్న క్యాబినెట్‌కి మూడు స్క్రూలు: ముందు నుంచి 45, 150, 255 మి.మీ. దగ్గర. చివరి 40 మి.మీ. లోపు వేస్తే మూల చీలుతుంది.

బిగించేటప్పుడు క్లచ్ తక్కువలో మొదలుపెట్టి, తల బోర్డును తాకే ముందే ఆపండి. చివరి రెండు చుట్లు చేత్తో. చేతికి బిగువు పెరుగుతూ తెలుస్తుంది, అక్కడ ఆగాలి. "ఇంకొంచెం" అని తిప్పితే ఒక్కసారిగా చేయి తేలికవుతుంది. లోపల మర తెగిపోయిందన్నమాట.

గోడకి తగిలించడం

6 మి.మీ. వెనక పలకకి మాత్రమే స్క్రూ వేస్తే ఏదో ఒక రోజు తల దాన్ని దాటి వచ్చేస్తుంది. పైభాగంలో, లోపలి నుంచి 18 మి.మీ. మందం, 100 మి.మీ. వెడల్పు ప్లై పట్టీ పక్క బోర్డులకి బిగించి, దాని గుండా వేయండి. పట్టీ 18, పలక 6, గోడ పూత 15, ఇటుకలో కనీసం 40: మొత్తం కలిపి 5×80 స్క్రూ, 8 మి.మీ. నైలాన్ గ్రిప్పు. తల కింద వాషరు తప్పనిసరి. గోడ మీద ముందే 18 మి.మీ. ప్లై పలక బిగించి ఉంటే పని తేలిక. 18, 6, 18 కలిపి 42 కాబట్టి దానికి 5×40.

బెజ్జం పాడైతే

అగ్గిపుల్లలు కుక్కి మళ్ళీ అదే స్క్రూ బిగించడం ఓ నెల ఆగుతుంది. 8 మి.మీ. బెజ్జంగా పెంచి, జిగురు రాసిన చెక్క డోవెల్ (గుండ్రటి చెక్క ముక్క) కొట్టి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున్న డోవెల్ నడిమిన 2.5 బిట్‌తో కొత్త బెజ్జం వేయండి. హింజ్ స్క్రూ ఎప్పుడైనా తీసి పెట్టాల్సి వస్తే, ముందు వెనక్కి తిప్పండి. పాత మరలోకి జారినప్పుడు చేతికి చిన్న 'టిక్' తగులుతుంది, అక్కడి నుంచి ముందుకు తిప్పండి.