బూట్‌లో డీఎన్‌ఎస్ సర్వర్ లేవట్లేదు, చేత్తో స్టార్ట్ కొడితే లేస్తోంది: ఏం చెయ్యాలి?

రీబూట్ అయ్యాక డీఎన్‌ఎస్ (సైట్ పేర్లకి ఐపీ అడ్రెస్ చెప్పే సర్వర్) పడుకునే ఉంటుంది, లాగిన్ అయి చేత్తో స్టార్ట్ కొడితే మాత్రం బుద్ధిగా లేస్తుంది. ఇది చూసి కాన్ఫిగ్ మొత్తం చెరిపి మళ్లీ రాసుకునేవాళ్లని చూసీ చూసీ విసుగొచ్చింది. చేత్తో లేచిందంటే కాన్ఫిగ్ బాగున్నట్టే కదా, దాని జోలికి పోకండి. నేను అన్‌బౌండ్ అనే డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్ పట్టుకుని చెప్తున్నా, సిస్టమ్‌డీ (బూట్‌లో సర్వీసుల్ని లేపేది) ఉన్న లైనక్స్ మీద.

రూట్ యాక్సెస్ కావాలి, అంతే. సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-ఎనేబుల్డ్ అన్‌బౌండ్ కొట్టండి, బూట్‌లో లేవమని చెప్పారో లేదో తెలుస్తుంది, డిసేబుల్డ్ అని వస్తే ఎనేబుల్ చేసేయండి, పనైపోయింది. కాదంటే జర్నల్‌సీటీఎల్‌కి మైనస్ బి, మైనస్ యు అన్‌బౌండ్ ఇచ్చి ఈ బూట్ లాగ్ మాత్రం చదవండి. డీఎన్‌ఎస్ వాడే పోర్ట్ 53 "ఆల్రెడీ ఇన్ యూజ్" అని ఉంటే ఇంకెవరో దాన్ని పట్టుకున్నారని, అప్పుడు చేత్తో కొట్టినా మామూలుగా లేవదు, అది వేరే కథ. మన కేసులో కనపడేది "క్యానాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రెస్". అంటే కాన్ఫిగ్‌లో 192.168.1.10 మీద వినమని రాశారు, సర్వీస్ లేచే టైముకి నెట్‌వర్క్ కార్డుకి ఆ ఐపీ ఇంకా రాలేదు, కెర్నల్ కుదరదు పొమ్మంది.

ఇక్కడే అందరూ పాడుచేసేది. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ అన్‌బౌండ్ కొట్టండి, లిబ్ కింద ఉన్న అసలు ఫైల్ ముట్టుకోవద్దు, ప్యాకేజ్ అప్‌డేట్ వస్తే మీరు రాసింది పోతుంది. తెరుచుకున్న ఫైల్లో పైన రెండు కామెంట్ల మధ్య ఖాళీ ఉంటుంది, అక్కడే రాయాలి, కింద రాస్తే సేవ్ అవ్వదు. యూనిట్ సెక్షన్ పెట్టి రెండు లైన్లు: ఆఫ్టర్, వాంట్స్, రెండిటికీ నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ (టార్గెట్ అంటే బూట్‌లో ఒక మజిలీ). ఉత్త నెట్‌వర్క్ టార్గెట్ కాదు, దానికి ఐపీ వచ్చిందా లేదా అన్నది పట్టదు. ఆఫ్టర్ ఒక్కటే రాసి వదిలేసేవాళ్లు ఎక్కువ, కానీ ఆ టార్గెట్‌ని ఎవరూ పిలవకపోతే దాని తర్వాత రమ్మనడానికి అర్థమే లేదు, పిలిచేది వాంట్స్.

ఇంకోటి, నెట్‌వర్క్ వచ్చేదాకా ఆ టార్గెట్‌ని ఆపి ఉంచే వెయిట్-ఆన్‌లైన్ సర్వీస్ ఆన్‌లో ఉందో చూడండి. బూట్ ఫాస్ట్‌గా అవ్వాలని ఎప్పుడో ఆపేసి మర్చిపోయుంటారు. నెట్‌వర్క్‌ని నడిపేది నెట్‌వర్క్‌మేనేజర్ అయితే దానిది, నెట్‌వర్క్‌డీ అయితే దానిది, రెండూ ఆన్ చేయకండి, ఏ కార్డూ చూసుకోని నెట్‌వర్క్‌డీ 120 సెకన్లు ఊరికే కూర్చోబెడుతుంది.

స్టార్ట్‌కి ముందు 30 సెకన్లు ఆగమని స్లీప్ 30 పెట్టేవాళ్లకి దండం, స్విచ్ నెమ్మదిగా లేచిన రోజు 31వ సెకను కావాల్సొస్తుంది. పడిపోతే మళ్లీ లేపమనే రీస్టార్ట్ ఆన్-ఫెయిల్యూర్ ఒక్కటే పెట్టినా లాభం లేదు, డిఫాల్ట్‌గా ప్రయత్నాల మధ్య 100 మిల్లీసెకన్లే గ్యాప్, 10 సెకన్లలో 5 సార్లు దాటితే సిస్టమ్‌డీ చేతులెత్తేస్తుంది. ఇంకా రాని ఐపీ మీద కూడా విననిచ్చే అన్‌బౌండ్ ఆప్షన్ ఐపీ-ఫ్రీబైండ్ పెడితే పనవుతుంది, కాదనను, కానీ ఐపీ తప్పు కొట్టినా సర్వీస్ నోరెత్తకుండా లేస్తుంది, అందుకే అది వద్దు.

చివరికి సర్వీస్ రీస్టార్ట్ చేసి సరిపెట్టకండి, మెషిన్నే రీబూట్ చేయండి. దాంట్లో లాగిన్ కూడా అవ్వద్దు, చెయ్యి స్టార్ట్ మీదకే పోతుంది, ఇంకో మెషిన్ నుంచి డిగ్ (డీఎన్‌ఎస్‌ని ప్రశ్న అడిగే కమాండ్) ఈ సర్వర్ మీదకి కొట్టి జవాబొస్తోందో లేదో చూడండి.