ఇంగ్లిష్‌లో ‘నెమ్మది’కి సరైన క్రియను ఎంచుకోవడం ఎలా?

డిక్షనరీలో డాడిల్, లింగర్, లాయిటర్, ప్లాడ్ వెతికితే అన్నిటికీ దాదాపు ఒకటే అర్థం కనిపిస్తుంది: నెమ్మదిగా కదలడం, ఆలస్యం చేయడం. దాంతో ఏది పడితే అది వాడేస్తాం. కానీ ఈ మాటలకు వేగంతో పెద్దగా పని లేదు. మనిషి ఎందుకు నెమ్మదించాడో, చూసేవాళ్లకు అది ఎలా అనిపించిందో చెప్పడమే వీటి పని.

ముందు కారణం చూడండి

బురదలోనో మంచులోనో ఓపిక లేక కాళ్లీడ్చుకుంటూ నడిస్తే ట్రడ్జ్. ప్లాడ్ కూడా బరువైన నడకే, కాకపోతే అందులో ఆగకుండా సాగే మొండితనం ఉంటుంది. విసుగు పుట్టించే పనిని ఓపిగ్గా లాక్కుపోవడాన్ని కూడా ప్లాడ్ అనేది అందుకే. హాయిగా, తీరిగ్గా నడిస్తే స్ట్రోల్ లేదా ఆంబుల్. మీటింగ్‌కు అరగంట లేటుగా వచ్చి, జేబులో చేతులు పెట్టుకుని తాపీగా లోపలికి నడిచేవాడికి సాంటర్ బాగా అతుకుతుంది. చూసేవాళ్లకు ఒళ్లు మండే నింపాది అది.

ఎవరు చూస్తున్నారో గమనించండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అందరూ వెళ్లిపోయాక ఒకతను గేటు దగ్గర పది నిమిషాలు నిలబడ్డాడనుకోండి. వదిలి వెళ్లడానికి అతనికి మనసొప్పలేదని మీకు తెలిస్తే లింగర్. అతనెవరో తెలియని వాచ్‌మన్‌కు మాత్రం అది లాయిటర్, అంటే మన తచ్చాడటం. ‘నో లాయిటరింగ్’ బోర్డులు ఉంటాయి, ‘నో లింగరింగ్’ బోర్డులు కనిపించవు. విందుకు పిలిచినవాళ్లకు థాంక్స్ చెబుతూ ‘మీ ఇంట్లో చాలాసేపు లాయిటర్ చేశాను’ అని రాస్తే మన మీద మనమే అనుమానం తెచ్చుకున్నట్టు!

లింగర్‌కు లాంగ్ అనే మాటతో చుట్టరికం ఉంది. అందుకే పూల వాసన, పాత నొప్పి, తీరని అనుమానం కూడా లింగర్ అవుతాయి.

ఇక డాడిల్. స్కూలుకు టైమ్ అయిపోతోంది. పిల్లాడు ఒక సాక్సు కాలికి వేసుకుని, రెండోది చేతికి తొడుక్కుని దాంతో మాట్లాడుతున్నాడు. అప్పుడు అమ్మ అనే మాట ‘డోంట్ డాడిల్’. పిల్లాడికి చెడు ఉద్దేశమేమీ లేదు, గడియారం గుర్తు లేదంతే.

నడకా, పనా తేల్చుకోండి

పని ఆలస్యమైతే వేరే మాటలున్నాయి. ఒక ఈమెయిల్‌కు జవాబు ఇవ్వాలి. ఏం రాయాలో తెలిసీ రేపటికి నెడితే ప్రొక్రాస్టినేట్. ఇందులోని ‘క్రాస్’కు లాటిన్‌లో అర్థం రేపు అనే. ఔననాలో కాదనాలో తేలక మీనమేషాలు లెక్కిస్తుంటే డిథర్. అవతలివాళ్లే విసిగి వదిలేయాలని కావాలనే నాన్చితే స్టాల్. మూడింట్లోనూ జవాబు వెళ్లలేదు, తప్పు మాత్రం ఒకటి కాదు.

వస్తువులు, వాహనాల సంగతైతే తేలిక. ట్రాఫిక్ క్రాల్ అవుతుంది. అంగుళమంగుళం జరిగితే ఇంచ్. మనం గమనించేలోపే చప్పుడు లేకుండా పెరిగే ధరలకు క్రీప్. లాగ్ అనాలంటే ముందు ఇంకొకటి ఉండాలి: వీడియోలో పెదాలు కదిలాక మాట వినిపిస్తే మాట లాగ్ అయినట్టు.

చివరగా కర్మ పెట్టి చూడండి

కారణం ఏదో తెలియనప్పుడు, లేదా ఎవరినీ తప్పుపట్టదలచుకోనప్పుడు డిలే వాడండి. దానికి ఇంకో సౌకర్యం కూడా ఉంది, పక్కన కర్మ పెట్టొచ్చు. వర్షం రైలును డిలే చేస్తుంది. రైలును డాడిల్ చేయడం గానీ లాయిటర్ చేయడం గానీ వర్షం వల్ల కాదు. ‘ది ట్రైన్ వాజ్ డిలేడ్’ సరైన వాక్యం, ‘ది ట్రైన్ వాజ్ డాడిల్డ్’ అసలు వాక్యమే కాదు.