వెల్డు అవతలి వైపు పడిందా? టైటిల్ బ్లాక్ చూశారా?

సమస్య: డ్రాయింగ్‌లో ఉన్నట్టే వేశానంటాడు వెల్డర్. తప్పు వైపు వేశావంటాడు ఇన్‌స్పెక్టర్. ఇద్దరూ చూసేది అదే కాగితం.

కారణం: ఆ డ్రాయింగ్ ఏ పద్ధతిలో గీశారో ఎవరూ చూడకపోవడం. అది డ్రాయింగ్ మూలన వివరాలుండే టైటిల్ బ్లాక్‌లోనో నోట్స్‌లోనో రాసే ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా ముందు బాణం చూస్తారు, అక్కడ చూడరు.

డ్రాయింగ్‌లో జాయింటుని చూపే బాణం, దానికి కలిసి ఒక అడ్డగీత, ఆ గీత దగ్గర వెల్డు రకం చెప్పే గుర్తు ఉంటాయి. అమెరికా పద్ధతి, అంటే అక్కడి వెల్డింగ్ సొసైటీ ప్రమాణం ఏడబ్ల్యూఎస్ ఎ2.4లో లెక్క తేలిక. గీత కింద గుర్తుంటే బాణం తగిలిన వైపు, పైన ఉంటే అవతలి వైపు. మనవాళ్లకి అలవాటైంది ఇదే. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2553 సిస్టమ్ ఎ‌లో మాత్రం పైనా కిందా పట్టింపు లేదు. నిండు గీతకి ఆనుకుని ఒక డాష్ గీత నడుస్తుంది. గుర్తు నిండు గీత మీదుంటే బాణం వైపు, డాష్ గీత మీదుంటే అవతలి వైపు. ఆ డాష్ గీత పైనా ఉండొచ్చు, కిందా ఉండొచ్చు.

నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. యూరప్ నుంచి వచ్చిన బేస్ ఫ్రేమ్ డ్రాయింగ్‌ని ఏ3కి కుదించి జిరాక్స్ తీశారు. సన్నటి డాష్ గీత మాయం. మూలన వేసే ఫిల్లెట్ వెల్డు గుర్తైన త్రికోణం గీత పైన కనిపించింది, "అవతలి వైపు" అని చెప్పేశాను. బ్రాకెట్లన్నీ గ్రైండర్‌తో కోసి మళ్లీ వేయాల్సి వచ్చింది. తర్వాత పీడీఎఫ్ పెద్దది చేసి చూస్తే కింద డాష్ గీత నిక్షేపంగా ఉంది.

పరిష్కారం: జిరాక్స్ నమ్మకండి, పీడీఎఫ్ తెరవండి. షీటు మొత్తంలో ఒక్క గుర్తుకైనా డాష్ గీత ఉంటే అది సిస్టమ్ ఎ అనుకోండి. రెండు వైపులా ఒకేలా వెల్డు ఉన్నచోట డాష్ గీత గీయరు, దాన్ని చూసి మోసపోవద్దు. సిస్టమ్ బి అని రాసుంటే వైపుల లెక్క అమెరికా పద్ధతిలాగే. ఏమీ రాయకపోతే, ట్యాక్ (తాత్కాలికంగా పట్టే చిన్న వెల్డు) వేయకముందే పంపినవాళ్లకి ఫోన్ చేయండి.

సమస్య: వెల్డు కొలిచే గేజ్ పెడితే సైజు తక్కువ.
ఐఎస్ఓలో అంకె ముందు ఎ అక్షరం ఉంటే థ్రోట్ (మూల నుంచి వెల్డు ముఖం దాకా మందం), జెడ్ ఉంటే లెగ్ (ప్లేటు మీద వెల్డు భుజం కొలత). ఎ5కి లెగ్ సుమారు 7 మి.మీ. రావాలి, 5 కాదు.

సమస్య: వదిలి వదిలి వేసే ముక్క వెల్డుల మధ్య దూరం తేడా.
ఐఎస్ఓలో కుండలీకరణాల్లోని అంకె ముక్కల మధ్య ఖాళీ. అమెరికా పద్ధతిలో హైఫన్ తర్వాతది సెంటర్ నుంచి సెంటర్‌కి.

జెండా అంటే సైట్‌లో వెల్డు, వలయం అంటే చుట్టూ వెల్డు. వీటిలో తప్పు జరగడం అరుదు.