నెలవారీ రుసుములు లేని బ్యాంకు ఖాతా తెరిచే ముందు జాగ్రత్తలు

చదువుకో, కొలువుకో తిరుపతి వచ్చి కొత్తగా ఖాతా తెరవదలచినవారు, దరఖాస్తుపై సంతకం పెట్టకముందే, అది కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక పొదుపు ఖాతాయేనా అని అడిగి, ఆ మాట దరఖాస్తులో ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఈ ఖాతాలో ఏటీఎం కార్డుకు వార్షిక రుసుము ఉండదు, నెలకు కనీసం 4 సార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. ఆ పరిమితి దాటాక ఎంత వసూలు చేస్తారన్నదే అసలు ప్రశ్న. చిన్న మొత్తాలను పదే పదే తీసేవారు దీన్ని తప్పక అడగాలి. ఈ ప్రాథమిక ఖాతా ఉన్నవారికి అదే బ్యాంకులో మరో పొదుపు ఖాతా ఉండకూడదు.

మామూలు పొదుపు ఖాతా తీసుకునేవారు కనీస నిల్వ జరిమానా లేదన్న మాటతో తృప్తి పడకూడదు. స్టేట్ బ్యాంకు ఆ జరిమానాను 2020లోనే ఎత్తివేసింది, కానీ ఏ బ్యాంకులోనైనా కార్డుకు, ఎస్సెమ్మెస్‌లకు విడిగా రుసుము ఉండవచ్చు కనుక, రుసుముల పట్టిక చేతికి తీసుకుని నిదానంగా చదవాలి.

పూర్తి గుర్తింపు పత్రాలు లేకుండా తెరిచే చిన్న ఖాతాలో నిల్వ 50,000 రూపాయలు దాటకూడదు, నెలకు 10,000కు మించి తీయలేరు. జీతం పడే ఖాతాగా అది పనికిరాదని నా అభిప్రాయం.

అన్యాయంగా రుసుము పడితే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అధికారి అయిన అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.