కుక్కలతో, ట్రైలర్‌తో ఎడారి దాటి తీరానికి

ట్రైలర్ మొత్తం బరువులో 10–15 శాతం హిచ్ (ట్రైలర్‌ని కారుకి తగిలించే కొక్కెం) మీద పడేలా సామాను సర్దండి. వెనక బరువెక్కితే వేగంలో ఊగిపోతుంది. మెత్తటి ఇసుకలో దిగేముందు టైర్ల గాలి సుమారు 18–20 పీఎస్ఐకి తగ్గించండి. ట్రైలర్ టైర్లకీ అంతే. చాలామంది మరిచేది వాటినే. తారురోడ్డెక్కగానే మళ్లీ నింపాలి, లేకపోతే వేడెక్కి పగులుతాయి. కంప్రెసర్ లేకుండా బయల్దేరొద్దు.

కుక్కలు కారులోనే, బెల్టుతో. కిలో బరువుకి రోజుకు 60 మి.లీ. నీళ్లు మామూలు లెక్క. ఎండలో రెట్టింపు పెట్టుకోండి. చేతి వెనకవైపు ఇసుకపై 7 సెకన్లు ఆనించలేకపోతే నడిపించొద్దు.

తీరంలో కుక్కలకు అలలే కాదు, ఉప్పునీరు తాగడమూ ప్రమాదమే. నీళ్లలో దిగేముందే మంచినీళ్లు పట్టండి, పావుగంటకోసారి బయటికి పిలవండి. వాంతులు, విరేచనాలు, తూలడం కనిపిస్తే వెంటనే పశువైద్యుడి దగ్గరికే. సాయంత్రం ట్రైలర్ అడుగు, బ్రేకులు, హిచ్ మంచినీళ్లతో కడగండి.