బాక్సింగ్ ప్యాడ్స్ పట్టడం ఎలా?

చెన్నై వ్యాసర్పాడిలో మా బాక్సింగ్ షెడ్డుకి వచ్చే కుర్రాళ్ళందరూ గుద్దడం నేర్పమంటారు. ప్యాడ్స్ పట్టడం నేర్పమని అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ముగ్గురో నలుగురో ఉంటారు. చేతులకి రెండు దిండ్లు తొడుక్కుని నిలబడటమే కదా, అందులో నేర్చుకునేదేముందని ధీమా. ఆ ధీమాతో పట్టినవాళ్ళ మోచేతులు ఏమయ్యాయో, వాళ్ళ ప్యాడ్స్ మీద కొట్టినవాళ్ళ భుజాలు ఏమయ్యాయో నాకు బాగా తెలుసు. నొప్పుల మందు రాసుకుంటూ వాళ్ళు చివరికి వచ్చేది నా దగ్గరికే.

ఉత్తర మద్రాసులో బాక్సింగ్ నేర్పేవాణ్ణి ‘వాత్తియార్’ అంటారు. మా తెలుగువాళ్ళు ‘మాస్టర్’ అంటారు. ఆయన ఎంత గట్టివాడో తెలియాలంటే గోడ మీద ఫొటోలు, అద్దాల బీరువాలో కప్పులు చూడనక్కర్లేదు. ఆయన ప్యాడ్స్ పట్టినప్పుడు ఒక రౌండు పక్కన నిలబడి చూస్తే చాలు. నిజామాబాద్‌లో షంసముద్దీన్ మాస్టర్ దగ్గర మొదలుపెట్టిన నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆయన కొడుకు, శిష్యుడు కూడా అయిన హుసాముద్దీన్ 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చాడు. అంత పెద్దదేమీ కాని ఊళ్ళో ఇలాంటి పని జరిగిందంటే ఎవరో ఒకరు రోజూ పొద్దున్నే చేతులు వాచేలా ప్యాడ్స్ పట్టారన్నమాటే. ఆ పట్టిన చేతుల గురించి ఎవరూ రాయరు.

సామాను

వంపు తిరిగిన ప్యాడ్స్ ఒక జత. పెరియమేట్‌లో నెహ్రూ స్టేడియం చుట్టుపక్కల ఆట సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. వేళ్ళ మీద కప్పు, మణికట్టు దగ్గర పట్టీ ఉన్నవే తీసుకోండి. కొట్టేవాళ్ళకి చేతికట్టు, 12 లేదా 14 ఔన్సుల గ్లవ్స్. ‘రెండే నిమిషాలు మాస్టర్, కట్టు లేకుండా కొడతా’ అనేవాడికి పట్టకండి. ప్యాడ్ లోపల మీ చేతికీ ఒక కట్టు కట్టుకోండి. మన ఊరి చెమటకి లేకపోతే జారిపోతుంది. పొట్ట మీద దెబ్బలు కూడా పట్టాలనుకుంటే ఒంటికి కవచం ఉండాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు. ప్రపంచ ఛాంపియన్ మ్యానీ పకియావో గుద్దులు పట్టిన ట్రైనర్ ఫ్రెడ్డీ రోచ్ అంతటివాడే కట్టుకున్నాడు.

నిలబడటం

మీరు బాక్సర్‌లాగే నిలబడాలి. ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక, మోకాళ్ళు కాస్త వదులుగా. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడితే మొదటి గట్టి దెబ్బకే వెనక్కి పడతారు. 1980లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్ అనే ఇంకో బాక్సర్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. మా నాన్న చూశాడు. ఇంటికొచ్చి ఆయన చెప్పిందంతా కాళ్ళ గురించేనని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. ‘అంత దూరం పోయి చెప్పులు చూసొచ్చారు’ అంటుంది.

ఎక్కడ పట్టాలి

వాళ్ళ ఎడమ గుద్దు మీ ఎడమ ప్యాడ్‌కి, వాళ్ళ కుడి గుద్దు మీ కుడి ప్యాడ్‌కి. అంటే గుద్దు అడ్డంగా దాటి మధ్యకి రావాలి. చాలాచోట్ల దీన్ని తిరగేసి, ఎదురెదురు చేతులకే పట్టిస్తారు. అది నేర్చుకోవడం తేలిక, నిజమే. కానీ రెండు రోజులు గడిచేసరికి పట్టేవాడి చేతులు పక్కకి జరుగుతూ జరుగుతూ హారతి పళ్ళెం పట్టినట్టు భుజాల బయటికి పోతాయి. కొట్టేవాడు మనిషి చెవి పక్కనున్న గాలిని గుద్దడం నేర్చుకుంటాడు. గడ్డం ఉండేది మధ్యలో. కాబట్టి ప్యాడ్స్ కూడా మధ్యలో, మీ గడ్డం ఎత్తులో, మొహానికి జానెడు ముందు, ఒకదాని పక్కన ఒకటి ఉండాలి. ఈ విషయంలో నాతో వాదించేవాళ్ళు ఉన్నారు. వాదించుకోనివ్వండి.

కోణాలు ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి. జ్యాబ్, అంటే ముందు చేత్తో తిన్నగా కొట్టేది. క్రాస్, అంటే వెనక చేత్తో తిన్నగా కొట్టేది. ఈ రెండిటికీ అరచేయి ఎదుటివాళ్ళని చూడాలి. పక్కనుంచి తిరిగొచ్చే హుక్‌కి అరచేయి లోపలి వైపు చూడాలి. కిందనుంచి వచ్చే అప్పర్‌కట్‌కి నేలని చూడాలి. ఎడమచేతి వాటం వాళ్ళొస్తే మీరూ కాళ్ళు మార్చుకోండి.

దెబ్బకి ఎదురెళ్ళడం

ఇక్కడ మాత్రం తొందరపడకండి. మిగతాదంతా వారంలో వస్తుంది. ఇది నా చేతికి రావడానికి రెండేళ్ళు పట్టింది.

మనమందరం గల్లీ క్రికెట్ ఆడి పెరిగినవాళ్ళం. బంతి పట్టేటప్పుడు దానితోపాటే చేతులు వెనక్కి లాక్కోవాలని చిన్నప్పుడే ఒంటికి పట్టేసింది. లేకపోతే అరచెయ్యి మండిపోతుంది కదా. ప్యాడ్ తొడిగినా చెయ్యి అదే పని చేస్తుంది. గుద్దు వస్తుంటే మెల్లగా వెనక్కి జారుతుంది. పట్టేవాడికి హాయిగానే ఉంటుంది. కొట్టేవాడికి మాత్రం చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలు వేసినట్టవుతుంది. ఆగాల్సిన చోట చెయ్యి ఆగదు. మోచెయ్యి చివరిదాకా సాగి కలుక్కుమంటుంది. ఒళ్ళు ముందుకి తూలుతుంది. అలా తూలిన మనిషికి రింగులో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

రెండో రకంవాళ్ళు ఇంకా ప్రమాదం. వీళ్ళకి శబ్దం కావాలి. గుద్దు సగం దారిలో ఉండగానే ప్యాడ్‌తో దాని మీద ఫెడీమని చరుస్తారు. షెడ్డంతా మోగిపోతుంది. పక్కన ఫోన్‌లో తీసేవాడికి పండగ. ఆ అదురు కొట్టేవాడి భుజంలోకీ పట్టేవాడి మోచేతిలోకీ పోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. చెయ్యి పూర్తిగా సాగకముందే దెబ్బ తగలడం కొట్టేవాడికి అలవాటైపోతుంది. రింగులో ఎవడూ తన మొహం తెచ్చి మన పిడికిలికి తగిలించడు. అక్కడ ప్రతి గుద్దూ రెండంగుళాల దూరంలో ఆగిపోతుంది. షెడ్డులో పులిలా కొట్టినవాడు పోటీలో ఇలా ఎందుకయ్యాడా అని ఇంట్లోవాళ్ళు దిష్టి తీస్తారు.

సరైన పద్ధతి ఇది. పిడికిలి ప్యాడ్‌కి జానెడు దూరంలోకి వచ్చేదాకా ప్యాడ్ కదలకూడదు. అప్పుడు ఒక్క అగ్గిపెట్టె పొడవు, అంతే, ఎదురెళ్ళి అక్కడే ఆగాలి. చరచడం కాదు. బయట ఎవరో తలుపు తోస్తుంటే లోపలినుంచి భుజం ఆనిస్తాం చూడండి, అలా. మణికట్టు తిన్నగా, గట్టిగా. మోచెయ్యి కాస్త వంగి, పక్కటెముకలకి దగ్గరగా. బలం భుజం నుంచి, ఇంకా కిందకి పోతే వెనక పాదం నుంచి రావాలి. చెయ్యి ఒక్కటే ఎదురెళితే సాయంత్రానికి మోచేతి బయటి వైపు ఎముక వేలు పెట్టనివ్వదు. జన్మలో టెన్నిస్ బ్యాటు పట్టనివాళ్ళకి టెన్నిస్ ఎల్బో వచ్చేది ఇలాగే.

పిడికిలిని చూడకండి. చూస్తే ఆలస్యమైపోతుంది. చూపు ఎదుటివాళ్ళ గొంతు కింద, కాలర్ ఎముకల దగ్గర ఉంచండి. ఏ గుద్దైనా ముందు భుజంలో కదులుతుంది, తర్వాతే చేతిలోకి వస్తుంది.

ప్యాడ్ మీ మూతికి మరీ దగ్గరగా ఎప్పుడూ పెట్టకండి. జానెడు ముందు అన్నది అందుకే. నా ముందు పళ్ళలో ఒకటి కట్టుడు పన్ను. డెబ్భై కిలోలు దాటిన కుర్రాడికి క్రాస్ పడుతున్నాను, ఎవరో గేటు దగ్గర పిలిస్తే తల తిప్పాను. మణికట్టు ఒక్క క్షణం మెత్తబడింది. ప్యాడ్ వెనక్కి మడతపడి నా ప్యాడ్డే నా మూతి పగలగొట్టింది. కుర్రాడు ఏడుపు మొహం పెట్టాడు. తప్పు వాడిది కాదు. రౌండు నడుస్తుండగా గేటు దగ్గరికి దేవుడొచ్చినా తల తిప్పకూడదు.

కాశిమేడు నుంచి ఒక అమ్మాయి వస్తుంది, పద్నాలుగేళ్ళు. ఒకరోజు నాకు వేరే పనుండి కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాణ్ణి పట్టమన్నాను. పది నిమిషాల్లో వచ్చి, ‘మాస్టర్, ఈ అన్న పడితే భుజం లాగుతోంది, మీరే పట్టండి’ అంది. వాడికి రోషం వచ్చింది. ‘బాగా మోగుతున్నాయి కదా మాస్టర్!’ అన్నాడు. నేను వాడి వెనక నిలబడి మోచెయ్యి కింద నా చెయ్యి పెట్టాను. అమ్మాయిని ఒక్కొక్క జ్యాబ్ కొట్టమన్నాను. పిడికిలి దగ్గరపడగానే మోచేతిని అగ్గిపెట్టెంత ముందుకి తోసేవాణ్ణి. మొదటి ఇరవైలో వాడి చెయ్యి నాతో కొట్లాడింది. ముప్పై దాటాక మెత్తబడింది. నలభయ్యోదానికి చెప్పకుండా నా చెయ్యి తీసేశాను. ఆ అమ్మాయి ఆగి, గ్లవ్ తిప్పి చూసుకుని, ‘ఇప్పుడు తగిలింది’ అంది. వాడికి ఆ రోజు ఏం అర్థమైందో నాకు తెలియదు గానీ మళ్ళీ చరచలేదు.

మీ వెనక అలా నిలబడేవాళ్ళు లేకపోతే రెండు వారాలు జ్యాబ్ తప్ప ఇంకేదీ పట్టకండి. రోజుకి వంద, సగం బలంతో. కుదిరిందో లేదో శబ్దాన్ని బట్టి తేల్చకండి, శబ్దం అబద్ధమాడుతుంది. తగిలిన మరుక్షణం వాళ్ళ చెయ్యి దానంతటదే గడ్డం దగ్గరికి తిరిగొస్తే కుదిరినట్టు. ప్యాడ్‌కి అతుక్కున్నా, కిందికి జారినా కుదరనట్టే.

ఇక ఫోన్లలో కనిపించే, ప్యాడ్స్ మీద ఆపకుండా వేగంగా కొట్టే ఆ టపటపల సంగతి. అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్‌కి అతని బాబాయి రోజర్ పట్టిన తీరు చూసి ఊరూరా మొదలుపెట్టారు. వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి ఒకరి ఊపిరి ఒకరు తెలుసుకుని ఆడినది అది. రోజర్ తనే ప్రపంచ ఛాంపియన్. నిన్న చేరినవాడికి నేడు పట్టిస్తే అది బాక్సింగ్ కాదు, కోలాటం. కోలాటానికి మా వీధి ఆడవాళ్ళు ఇంతకంటే బాగా అడుగేస్తారు.

ఒక రౌండు నడపడం

3 నిమిషాలు కొట్టించి 1 నిమిషం ఆపండి. పోటీల్లోనూ లెక్క అదే. కొత్తవాళ్ళయితే ముందు 2 నిమిషాలు చాలు. మొదట్లో ఏ గుద్దో నోటితో చెప్పి ప్యాడ్ చూపించండి. అలవాటయ్యాక చెప్పడం మానేసి చూపించండి. మధ్యమధ్యలో ప్యాడ్‌తో వాళ్ళ తల పక్కన మెత్తగా ఒకటి తగిలించండి. గార్డ్, అంటే మొహానికి అడ్డం పెట్టుకున్న చేతులు, దించినవాళ్ళకి తిట్టకుండా తెలుస్తుంది. మెత్తగా అన్నాను. కొందరు మాస్టర్లు పాత కోపాలన్నీ ఇక్కడే తీర్చుకుంటారు.

ఎప్పుడు ఆపాలో కూడా ప్యాడే చెబుతుంది. గుద్దుల బరువు తగ్గడం మామూలే, దానికి ఆపక్కర్లేదు. చెయ్యి వెనక్కి రావడం ఆలస్యమైతే, లేదా రెండు కాళ్ళూ ఒక గీత మీదికొస్తే రౌండు మిగిలున్నా ఆపేయండి. ‘ఇంకొక్కటి మాస్టర్’ అంటారు. వినకండి. 1975 అక్టోబర్ 1న మనీలాలో అలీతో పోరాడుతున్న జో ఫ్రేజియర్ కూడా ఇంకొక్క రౌండే అడిగాడు. పద్నాలుగు అయ్యాయి, ఒక్కటే మిగిలింది. కళ్ళు వాచి మూసుకుపోయాయి. అతని ట్రైనర్ ఎడ్డీ ఫుచ్ వద్దని ఆపేశాడు. అలీ గెలిచాడు. ఫుచ్ కుర్రతనంలో డెట్రాయిట్‌లో హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్‌తో స్పారింగ్, అంటే సాధన కోసం ఎదురెదురుగా నిలబడి గుద్దుకోవడం, చేసినవాడు. గుద్దు ఎంత బరువుంటుందో ఎవరూ చెప్పకుండానే తెలిసినవాడు. నాకు ట్రైనర్ అంటే ఆయనే గుర్తొస్తాడు.

అయ్యాక

ప్యాడ్స్ సంచిలో కుక్కి జిప్పు వేసుకుని ఇంటికి పోకండి. తడిగుడ్డతో తుడిచి, లోపల పాత పేపరు ఉండలు చేసి పెట్టి, ఫ్యాన్ కింద ఆరబెట్టండి. చెన్నై గాలికి రాత్రంతా పడుతుంది. త్వరగా ఆరతాయని మేడ మీద ఎండలో పెట్టకండి, తోలు బీటలు వారుతుంది. నా మొదటి జత అలాగే పోయింది. అందులో ఒకటి ఇప్పటికీ మా ఇంటి ముందు స్కూటర్ స్టాండ్ కింద ఉంది. వానాకాలంలో బండి మట్టిలో దిగబడకుండా పనికొస్తోంది.