శాలాసిద్ధి సాధన – 3వ పాఠం: సగటు చాటున ముగ్గురు పిల్లలు

గత పాఠంలో, బడి తన పనితీరును తానే అంచనా వేసుకునే చట్రమైన శాలాసిద్ధిలోని ఏడు కీలక రంగాలనూ, వాటి కింద ఉన్న 46 ప్రమాణాలనూ పైపైన చూశాం. తరగతి గదులు, తాగునీరు, మరుగుదొడ్లు వగైరా ఉండే మొదటి రంగాన్ని నింపడానికి పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఉన్నది కళ్లెదుటే ఉంటుంది. అసలు పరీక్ష మూడో రంగంలో, అంటే పిల్లల ప్రగతి దగ్గర మొదలవుతుంది. అందులో మొదటిది హాజరు. ఈ పాఠమంతా దాని మీదే. ఒక్క ప్రమాణాన్ని సాక్ష్యంతో సహా తేల్చడం వచ్చిందంటే మిగతావాటికీ అదే దారి.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క మాట. శాలాసిద్ధి చట్రాన్ని ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ తయారు చేసింది. 2015లో మొదలైంది. ప్రతి ప్రమాణానికీ మూడు స్థాయిల వర్ణన ఉంటుంది. మన బడి ఏ స్థాయిలో ఉందో ముందు మనమే తేల్చుకోవాలి, ఆ తర్వాతే బయటివాళ్ల మూల్యాంకనం.

చాలా బళ్లలో జరిగేది మనకు తెలియంది కాదు. చివరి తేదీ దగ్గరపడ్డాక హెచ్‌ఎం ఒక్కరే కూర్చుని అన్నింటికీ 2 వేసేస్తారు. 1 వేస్తే పైనుంచి ప్రశ్నలొస్తాయి, 3 వేస్తే నిరూపించమంటారు, 2 అయితే ఎవరికీ టెన్షన్ లేదు. నన్నడిగితే, అలా నింపే కన్నా ఖాళీగా వదిలేయడమే మేలు. కనీసం ఖాళీ గడి అబద్ధం చెప్పదు.

ఇక పనిలోకి దిగుదాం. హాజరు పట్టీ ముందు పెట్టుకోండి. పోయిన నెలను తీసుకోండి, ఈ నెల వద్దు. మూడో తరగతిలో 24 మంది పిల్లలు, 22 పనిదినాలు అనుకుందాం. అందరూ రోజూ వస్తే మొత్తం 528 హాజర్లు. పట్టీలో 470 ఉన్నాయి. అంటే 89 శాతం. వినడానికి బాగానే ఉంది. చాలామంది ఇక్కడితో పట్టీ మూసేస్తారు.

మీరు మూయకండి. ఇప్పటిదాకా నిలువుగా, రోజువారీగా కూడారు కదా, ఈసారి అడ్డంగా, పిల్లల వారీగా కూడండి. మొత్తం 58 గైర్హాజర్లలో ఒక అబ్బాయివి 14, ఒక పాపవి 11, ఇంకో పాపవి 9 అని తేలిందనుకోండి. ముగ్గురివే 34. మిగతా 21 మందికీ కలిపి 24, అంటే తలా ఒకటి చిల్లర. ఆ 21 మంది హాజరు దాదాపు 95 శాతం. ఈ ముగ్గురి హాజరు మాత్రం, కలిపి చూస్తే, సగం కూడా లేదు. 89 శాతం అన్న అంకె ఇటు వీళ్లనీ చూపించలేదు, అటు వాళ్లనీ చూపించలేదు.

తర్వాత ఆ ముగ్గురి వరుసల్లో గైర్హాజరు గుర్తుల మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. ఏ రోజుల్లో పడ్డాయో చూడండి. ఒకరివి సోమ, మంగళవారాల్లోనే ఉండొచ్చు. ఆదివారం అమ్మమ్మ ఊరికి వెళ్లి తిరిగి రావడం ఆలస్యమవుతోందేమో. ఇంకొకరివి వరసగా పది రోజులు ఉంటే ఆరోగ్యం సంగతి కావచ్చు, తల్లిదండ్రులు పత్తి ఏరడానికి పోతూ వెంట తీసుకెళ్లి ఉండొచ్చు. అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటే, ముఖ్యంగా ఆడపిల్లయితే, ఇంట్లో చంటిబిడ్డను చూసుకోవడానికి ఆపుతున్నారేమో అడగాలి. ఇవన్నీ అనుమానాలే. తేలేది ఇంటికి వెళ్లి మాట్లాడాకే. కానీ ఏం అడగాలో తెలిసి వెళ్తాం.

ఇంకో తనిఖీ ఉంది, దీన్ని దాటేయొద్దు. ఏవైనా ఐదు రోజులు ఎంచుకుని, హాజరు పట్టీలోని అంకెనూ మధ్యాహ్న భోజనం రిజిస్టర్‌లోని అంకెనూ పక్కపక్కన రాయండి. ఒకరిద్దరు తేడా మామూలే. ఇంటినుంచి డబ్బా తెచ్చుకునేవాళ్లు ఉంటారు. కానీ భోజనం అంకె హాజరు కన్నా ఎక్కువ ఉన్నా, రోజూ రెండూ అచ్చంగా ఒకటే ఉన్నా, ఒకదాన్ని చూసి ఇంకోటి నింపుతున్నారేమో ఆరా తీయండి. పట్టీయే నమ్మదగ్గది కాకపోతే దానిమీద కట్టిన స్థాయికి అర్థం లేదు.

ఇప్పుడు స్థాయి వేయండి. వర్ణన చదివి, దానిలోని ప్రతి వాక్యానికీ “ఇది జరిగిందనడానికి ఏ కాగితం చూపిస్తాను? దానిమీద తేదీ ఉందా?” అని అడగండి. “తల్లిదండ్రులతో మాట్లాడుతున్నాం” అంటే సరిపోదు. ఎవరితో, ఏ తేదీన, ఆ తర్వాత పిల్లవాడు వచ్చాడా లేదా అన్నది నోట్‌బుక్‌లో ఉండాలి. కాగితం దొరకని వాక్యం దగ్గరే మీ స్థాయి ఆగుతుంది. ఇది ఒక్కరే చేసే పని కాదు. ఇద్దరు టీచర్లుంటే విడివిడిగా వేసి పోల్చుకోండి, తేడా వచ్చినచోటే చర్చ. ఏకోపాధ్యాయ పాఠశాలైతే, చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌కు పట్టీ పట్టుకెళ్లి పక్క బడి టీచరుతో వేయించుకోండి.

చివర్లో అభివృద్ధి ప్రణాళిక గడి ఉంటుంది. అక్కడ సాధారణంగా కనిపించే వాక్యం: “విద్యార్థుల హాజరు మెరుగుపరచుటకు తగు చర్యలు తీసుకొనబడును.” ఎవరు తీసుకుంటారు? ఎప్పటిలోగా? దీన్ని ఇలా మార్చండి: “మూడో తరగతి రోల్ నంబర్లు 5, 12, 19. ఈ నెల 15లోగా క్లాస్ టీచర్, పాఠశాల యాజమాన్య కమిటీ చైర్‌పర్సన్ కలిసి ఇళ్లకు వెళ్తారు. వచ్చే నెల ఒక్కొక్కరి గైర్హాజరు 5 రోజులు దాటకూడదు. 30న పట్టీ చూసి కమిటీకి చెబుతాం.”

కమిటీని ఇందులోకి లాగడం మర్యాద కోసం కాదు. 2009 నాటి విద్యా హక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం బడి పనితీరును పర్యవేక్షించడం పాఠశాల యాజమాన్య కమిటీ బాధ్యత. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తంమీద సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో మనకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. ఒక్క జాగ్రత్త: సమావేశంలో పిల్లల పేర్లు చదవకండి. ముందు అంకెలు పెట్టండి, పేర్లు ఆ ఇంటికి వెళ్లే ఇద్దరికి చెబితే చాలు.

అభ్యాసం: మీ బడిలో ఏదో ఒక తరగతికి పోయిన నెల పట్టీని అడ్డంగా కూడండి. గైర్హాజర్లు ఎక్కువున్న ముగ్గురిని గుర్తించి, వాళ్ల రోజుల వరుస చూడండి. ఐదు రోజుల భోజనం అంకెలతో సరిపోల్చి, స్థాయి వేసి, ఆ స్థాయికి మీ దగ్గరున్న కాగితాల పేర్లు కిందే రాయండి. పిల్లల సంఖ్య మరీ తక్కువైతే రెండు తరగతులు కలిపి చేసుకోవచ్చు. ఆ కాగితం దాచి ఉంచండి. నాలుగో పాఠంలో ఆ ముగ్గురి చదివే స్థాయిని చూస్తాం, హాజరుకూ చదువుకూ పొంతన ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది.